తెలిసిన మాటే తెలియదన్నాను

నాకు మొదటి ఉద్యోగం కుప్పంలో దొరికింది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, మదనపల్లెలో ఏడాదిన్నరగా ట్యూషన్లు చెప్పుకుంటున్న రోజులు. తొంభైల చివరి సంవత్సరాలు. కుప్పం వైపు ఒక ఆసుపత్రిలో నోటి క్యాన్సర్ల మీద పరిశోధన చేస్తున్న డాక్టరుగారికి సహాయకుడు కావాలని తెలిసి వెళ్లాను. ఆయన నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. కణంలో ఉన్న జన్యువులన్నీ ఒకేసారి పనిచేస్తాయా అన్నది మొదటిది. చేయవు సార్, ఏ కణానికి ఏది అవసరమో అదే తెరుచుకుంటుంది, మిగతావి మూసుకుని ఉంటాయి అన్నాను. పల్లె జనంతో మాట్లాడటం వచ్చా అన్నది రెండోది. వచ్చన్నాను. ఆ రెండో జవాబు అబద్ధమని అప్పటికి నాకూ తెలియదు.

పని కష్టమైనదేమీ కాదు. ఆపరేషన్‌కు ముందు రోగి పక్కన కూర్చుని ఒక కాగితం చదివి వినిపించాలి. కోసి తీసే గడ్డలోంచి చిన్న ముక్క మా పరీక్షకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నానని అందులో ఉంటుంది. అర్థమయ్యేలా చెప్పి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. తర్వాత ఆ ముక్క వేసిన సీసాను మంచు డబ్బాలో పెట్టి పొద్దున రైలుకు బెంగుళూరు ల్యాబుకు చేర్చాలి. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ని. పక్కవాళ్లు చేపలా అని అడిగేవారు. అవునని తలూపేవాణ్ని.

డాక్టరుగారు వెతుకుతున్నది ఇది. నోట్లో క్యాన్సర్ వచ్చిన కొందరికి కోసి, జనం కరెంటు అనే రేడియేషన్ పెడితే ఏళ్ల తరబడి మళ్లీ కనిపించదు. కొందరికి కుట్లు మానీ మానకముందే మెడలోకి దిగుతుంది. ఒకే పొగాకు, ఒకే చోట పుండు, ఒకే వైద్యం. తేడా ఎక్కడుంది? కణాన్ని అదుపు తప్పకుండా ఆపే జన్యువులు కొన్ని ఉంటాయి. కొందరిలో అవి చెడిపోతాయి. మరికొందరిలో అక్షరం కూడా చెడకుండా అలాగే ఉంటాయి గానీ, వాటి మీద రసాయనపు మూతలాంటిది పడి ఉంటుంది. ఉండీ పనిచేయవు. ఆయన ఆ మూతల కోసం వెతుకుతున్నారు. నేను సీసాలు మోస్తున్నాను.

అక్కడ చేరిన ఏడాదికి పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఐదు దాటి ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కూతురూ అల్లుడూ ఆమెతోనే ఉంటారు. ఎకరంలో మల్బరీ వేసి, ఇంటి పక్కన షెడ్డులో పట్టుపురుగులు పెంచుతారు. పలమనేరు, వి.కోట మీదుగా రెండు బస్సులు మారి అన్నతో కలిసి వచ్చింది. ఆ అన్న ముఖం ఒకవైపు లోపలికి గుంజుకుపోయి ఉండేది. ఆయనకూ పదేళ్ల క్రితం దవడలో ఇదే జబ్బు వచ్చి కోశారట.

ఆమెకు బుగ్గలో పుండు వస్తే వేరే ఊళ్లో ఆపరేషన్ అయింది. ఆరు నెలలైనా కాకముందే మెడలో గడ్డలు తేలాయి. అవి తీయడానికే మా దగ్గరికి పంపారు.

నేను కాగితం తీసేసరికి ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ముందర నాకొక సంగతి సెప్పప్పా. మా అన్నకూ ఇదే వచ్చె. కోసిరి, కరెంటు పెట్టిరి. పదేండ్లాయ, సంగటి తింటాండాడు, సేన్లోకి పోతాండాడు. నాకు సూడు, మొన్న కోసిరి, అప్పుడే మెడకు దిగె. ఒక కడుపున పుట్టినోళ్లం. ఒకే సంచిలోని ఆకూ వక్కా పొగాకూ ఏసుకున్నోళ్లం. నాది యాల ఇట్ల పరిగెత్తుతాండాది?"

మేము బెంగుళూరుకు ముక్కలు మోస్తున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే. అంత సూటిగా దాన్ని నన్నెవరూ అడగలేదు. నాకు ఉత్సాహం వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"అమ్మా, మీరు పెంచే పురుగు ఉంది కదా. అదే గూడు కడుతుంది, అదే గూట్లోంచి రెక్కల పురుగై బయటికొస్తుంది. లోపల ఉండే రాత ఒకటే. పురుగుగా ఉన్నప్పుడు రెక్కలకు సంబంధించిన రాత కూడా దాని ఒంట్లోనే ఉంటుంది. కానీ అప్పుడది మూసి ఉంటుంది. తెరుచుకునే సమయం వచ్చాక తెరుచుకుంటుంది. మన ఒంట్లో కూడా అంతే. పెరిగేదాన్ని పెరగనివ్వకుండా ఆపే రాత ఒకటుంటుంది. మీ అన్న గడ్డలో అది ఇంకా తెరిచే ఉండి ఉండవచ్చు. మీ గడ్డలో మూసుకుపోయి ఉండవచ్చు. అదే తెలుసుకోవాలని ఈ ముక్క అడుగుతున్నాం."

ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే ఆపేది లేకుండా పోలేదు. ఉండాది. కండ్లు మూసుకోని పండుకోనుండాది."

"అంతే అమ్మా."

"లేపేకి మందు లేదా?"

"ఇంకా లేదు."

"కనుక్కోండి. నాకు గాకపోయినా ఎవురికన్నా పనికొస్తాది," అని కాగితం తన వైపు లాక్కుని సంతకం చేసింది. మూడో తరగతి దాకా చదివిందట. అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి తగలకుండా రాసింది.

నేను చదివిన ఎమ్మెస్సీలో ఆ అధ్యాయాన్ని ఇంత తేలిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు లేరు, నాతో సహా. ఆ సాయంత్రం నా గదికి వెళ్తూ నా మీద నాకే మెప్పు కలిగింది. పది పన్నెండు రోజులు ఆ పట్టుపురుగు పోలిక డాక్టరుగారికి చెప్పాలని సందు కోసం చూశాను.

సందు దొరకలేదు. తిట్లు దొరికాయి. అంతకు ముందు వారం ఒక ముసలాయన కొడుకు అడిగితే, ముక్కలో పెద్ద తేడా ఏమీ కనబడలేదట అని చెప్పేశాను. బెంగుళూరులో ఎవరో యథాలాపంగా అన్న మాట అది. అది విని ఆ ముసలాయన, అయితే కరెంటు పెట్టించుకోను అని సంచి సర్దుకున్నాడు. డాక్టరుగారు ఆయన్ని బతిమాలి ఆపవలసి వచ్చింది. ఆ పొద్దున వార్డులో నర్సులందరి ముందూ ఆయన నన్ను నిలబెట్టారు.

"నువ్వు డాక్టరువి కాదు. రోగం గురించి ఒక్క మాట నీ నోట్లోంచి రాకూడదు. ఎవరేమడిగినా ఫలితాలు రావాలి అని చెప్పు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా వయసు ఇరవై నాలుగు.

ఇది జరిగిన గంట తర్వాత పుంగనూరు ఆవిడ నన్ను పిలిచింది. ఆమెను ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. కుట్లు తీశారు. మెడకు ఒకవైపు కట్టు ఉంది. గొంతు సన్నగా, తడిలేకుండా వస్తోంది. అన్న మందుల కోసం కిందికి వెళ్లాడు. ఆమె మంచం అంచున కూర్చుని చీర కొంగు సర్దుకుంటూ, చాలాసేపటి నుంచి దాచుకున్న మాట అడుగుతున్నట్టు అడిగింది.

"అప్పా, మా కూతురికి ఎనిమిది నెల్ల పాప ఉండాది. ఇంటికి పోతే దాన్ని ఎత్తుకోవచ్చా? ముద్దు పెట్టుకుంటే దానికి తగులుతాదా?"

డాక్టరుగారు రెండు మంచాల అవతల నిలబడి చీటీ రాస్తున్నారు.

"ఏం లేదప్పా, పురుగుల్లో ఒకదానికి రోగం తగిల్తే తట్టలోంచి తీసి పారేస్తాం. లేకుంటే తట్టకు తట్టే పోతాది. అందుకే అడుగుతాండా. నా రాత మూసుకోని పాయ సరే. ముట్టుకుంటే బిడ్డకు గూడా మూసుకుంటాదా?"

మూసుకోదు. అది ఆమె గడ్డలోని కణాలకు జరిగిన మార్పు. చేయి తగిలితే, ముద్దు పెడితే, ఒకే కంచంలో తింటే ఇంకొకరికి పోయేది కాదు. ఇది చెప్పడానికి బెంగుళూరు ఫలితాలు అక్కర్లేదు. ఇంటర్ చదివిన పిల్లవాడైనా చెప్పగలడు. నాకు తెలుసు. తెలిసి, రెండు మంచాల అవతల ఉన్న తెల్ల కోటు వైపు చూసి అన్నాను:

"ఇంకా ఏమీ తెలియదమ్మా. ఫలితాలు రావాలి. వచ్చాక నేనే మీ ఊరికి వచ్చి చెబుతాను."

డాక్టరుగారిని అడగండి అనైనా అనవచ్చు. ఆయన్ని పిలిచి, సార్, ఈవిడ ఒక మాట అడుగుతోంది అనవచ్చు. పది అడుగుల దూరం. ఇప్పుడు తోచే మాటలు ఇవి. అప్పుడు తోచింది ఒక్కటే, ఇంకోసారి అందరి ముందూ తిట్లు తినకూడదని.

"ఎన్ని దినాలైతాది?"

"కొన్ని నెలలు పట్టవచ్చు."

"సరే అప్పా. అంతదాకా జాగ్రత్తగా ఉంటాలే," అంది.

జాగ్రత్త అంటే ఏం చేస్తుందో నేను అడగలేదు.

రెండు నెలలకు నాకు మదనపల్లెలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. కుప్పంలో రిజిస్టరు, మంచు డబ్బా, బీరువా తాళాలు నా తర్వాత వచ్చిన అమ్మాయికి అప్పగించాను. ప్రతి సీసాకూ ఒక నంబరుంది, అన్నీ సరిచూసి సంతకం పెట్టాను. ఎవరికి ఏ మాట ఇచ్చానో రాసే గడి ఆ రిజిస్టరులో లేదు. ఉన్నా రాసేవాణ్నో లేదో చెప్పలేను. కొత్త ఉద్యోగం, పెళ్లి, అద్దె ఇల్లు, పేపర్లు దిద్దడం. పుంగనూరు మదనపల్లె నుంచి గంట ప్రయాణం కూడా కాదు. పెళ్లి పిలుపులకు ఆ ఊరి మీదుగా రెండుసార్లు వెళ్లాను. బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఆవిడ గుర్తొచ్చింది కూడా. ఫలితాలు ఇంకా రాలేదు కదా అనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. ఆరేళ్ల తర్వాత డాక్టరుగారు తాను రాసిన పరిశోధన పత్రం నకలు ఒకటి నాకు పోస్టులో పంపారు. నంబర్ల పట్టికలో ఆమె నంబరు వెతికాను. మరిచిపోలేదు నేను. ఆపే జన్యువు చెక్కుచెదరకుండా ఉంది. మూసేసి ఉంది. కండ్లు మూసుకోని పండుకోనుండాది అని ఆమె చూడకుండానే చెప్పింది. ఆ కాగితాలను పుస్తకాల అరలో పెట్టాను. అప్పుడూ వెళ్లలేదు. ఆమె బతికి ఉండదని నాకు తెలుసు, ఆ రకం గడ్డ వచ్చినవాళ్లు అంతకాలం ఉండరు. వెళ్లి ఎవరికి చెప్పాలి అనుకున్నాను.

ఆ ఏడాదే, జన్యువుల నియంత్రణ పాఠం చెబుతుండగా మూడో బెంచీలో ఉన్న ఒకమ్మాయి లేచింది. వాళ్ల తాతకు గొంతు క్యాన్సరట. "సార్, తాత తాగిన గ్లాసులో మేము తాగితే మాకు వస్తుందా?"

"రాదమ్మా. అలా అంటుకునే జబ్బు కాదది. నిశ్చింతగా తాగు," అన్నాను.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి కూర్చుంది. పక్కనున్న అమ్మాయితో ఏదో చెప్పి నవ్వింది కూడా. నేను సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి, తర్వాత ఏం రాయాలో తెలియక నిలబడ్డాను. ఆ శనివారం పుంగనూరు బస్సెక్కాను.

ఊరు కనుక్కోవడం కష్టం కాలేదు. పురుగుల షెడ్డున్న ఇల్లు, దవడ లేని ఆయన చెల్లెలి ఇల్లు అంటే చూపించారు. కూతురు షెడ్డు ముందు మల్బరీ కొమ్మలు కట్టలు విప్పుతోంది. ముప్పై లోపే ఉంటుంది. కుప్పం ఆసుపత్రి అనేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీరేనా సార్ వస్తానన్నది?"

అవునన్నాను. ఆమె అరుగు తుడిచి కూర్చోమంది. నీళ్లు తెచ్చింది. తిట్టలేదు. వాళ్లమ్మ ఇంటికొచ్చాక నాలుగున్నర నెలలు ఉందని చెప్పింది.

"వచ్చిన దినమే ఆయమ్మ కంచం, సెంబు, సాప ఎత్తుకోని షెడ్డులోకి పాయ సార్. ఆడనే తినేది, ఆడనే పండుకునేది. పాప అప్పుడే పాకేది నేర్చుకుంటాండె. ఎట్లాగో గడప దాటి ఆ పక్కకే పోయేది. 'పట్టండ్రా, బిడ్డను పట్టండి' అని ఆ లేని గొంతుతో అరిసేది. మేము యాడన్నా ఉండి రాకుంటే, మల్బరీ కొమ్మ అడ్డం పెట్టి ఆపేది. బిడ్డ ఆ ఆకులు పీక్కుంటా నవ్వేది. మాయమ్మ కొమ్మకు ఆ కొసన కూసోనుండేది."

నేను నీళ్ల చెంబు పట్టుకుని ఉన్నాను.

"ఎత్తుకోమ్మా, ఏం గాదు అంటే, 'ఆ సారు వస్తాడు, పలితం తెస్తాడు. తగలదంటే ఆ పొద్దే ఎత్తుకుంటా' అనేది. బస్సు వచ్చే టయానికి లేసి కూసునేది. మా మామను ఒకసారి కుప్పానికి గూడా పంపించె. మీరు మానేసి పోయినారని సెప్పినారంట. ఇంకెవుర్నన్నా అడిగిరా మామా అంటే ఆయనకు మాట సరిగ్గా రాదు, వాళ్లకు అర్థం గాలేదంట." అంతా చెప్పి అడిగింది. "పలితం ఏమొచ్చె సార్?"

చెప్పాను. వచ్చేటప్పుడు బస్సులో సర్దుకున్న మాటలే. ఆమె మధ్యలోనే ఆపింది.

"అంటే తగలదా?"

"తగలదు."

"ఇది అప్పుడు తెలీకుండెనా మీకు?"

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా.

"తెలుసు," అన్నాను.

ఆమె లేచి, పురుగులకు మేతేసే టైమైందని షెడ్డులోకి వెళ్లింది. నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె చాలాసేపు బయటికి రాలేదు.

ఆలోపు వాళ్ల మామ వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. మాట ముద్దముద్దగా వస్తుంది, మెల్లగా వింటే అర్థమవుతుంది. నేను ఎందుకు వచ్చానో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను సెప్తినప్పా. పదేండ్లుగా నా పెండ్లాం, నా పిల్లోళ్లు నాతోనే తింటాండారు, ఎవురికన్నా వచ్చెనా అంటి. ఇనలేదు. 'సదువుకున్నోడే తెలీదన్నాడు, నీకేం తెలుసు అన్నా' అనె."

పదేళ్లు కళ్లముందు బతికిన మనిషి సాక్ష్యం కన్నా నా 'తెలియదు' ఆమెకు పెద్దదైంది. మెడలో గడ్డ ఎందుకు పరిగెత్తుతోందో అంత వివరంగా విప్పి చెప్పినవాడు తెలియదన్నాడు కాబట్టి, అది ఎవరికీ తెలియని సంగతే అయి ఉంటుందని నమ్మింది. ఆ పట్టుపురుగు కథ నేను అంత బాగా చెప్పకపోయి ఉంటే ఆమె అన్న మాటే వినేదేమో.

మదనపల్లెకు వచ్చాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "నేను నిన్ను తిట్టానా? గుర్తు లేదే," అన్నారు. మళ్లీ ఆయనే, "ముట్టుకుంటే రాదని చెప్పడానికి నా అనుమతి దేనికయ్యా," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడుగుతున్నారు.

ఆ రోజు వాళ్ల ఊళ్లోంచి వచ్చేముందు కూతురితో ఒక మాట చెప్పి వచ్చాను. మదనపల్లెలో నాకు తెలిసిన పళ్ల డాక్టరున్నాడు, ఒకసారి నోరు చూపించుకుంటే మంచిదని. అమ్మ పోయినప్పటి నుంచి ఆమె రోజూ పొద్దున అద్దంలో బుగ్గలు లాగి చూసుకుంటోందట. పొగాకు ఏనాడూ ముట్టలేదు. అయినా ఇంట్లో ఇద్దరికి వచ్చింది కదా అన్న భయం. ఆమె మదనపల్లెకు రాదనుకున్నాను గానీ, రెండు వారాలకు పాపను వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరు నోరంతా చూసి, శుభ్రంగా ఉంది, ఆకూ పొగాకూ జోలికి పోవద్దు, ఏ పుండైనా మూడు వారాలకు మానకపోతే రమ్మన్నాడు. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది.

బస్టాండుకు నడిచేటప్పుడు పాప ముందు గెంతుతూ పోతోంది. ఇప్పుడు ఒకటో తరగతి.

"సార్, మా ఇంట్లో ఒక ఫోటో ఉండాది," అంది ఆమె. "పాపకు పుట్టెంటికలు తీసినప్పుడు పట్టింది. అందరం దగ్గిరగా నిలబడుకోనుండాము. మాయమ్మ ఒక్కటే దూరంగా, గోడకు ఆనుకోనుండాది. అవ్వ యాల నా దగ్గిరికి రాలేదు, నేనంటే ఇష్టం లేకుండెనా అని ఇది అడుగుతాండాది. ఏం సెప్పమంటారు?"

"నా వల్ల అని చెప్పండి. ఒక సారు చెప్పాల్సిన మాట చెప్పలేదని చెప్పండి."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఆరేండ్ల బిడ్డకు ఎవురో సారు సంగతి ఏమర్థమైతాది సార్," అంది.

పుంగనూరు బస్సు వచ్చింది. ఆమె పాప చేయి పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది.